మూత బిగుసుకున్న రోజు

షిహో ఒక మగవాడి నోరు మొదటిసారి మూయించినప్పుడు అతని పేరేమిటో కూడా ఆమెకు తెలియదు.

మియోషి వారింట్లో ఏటా ఆకురాలే కాలం చివర పుస్తకాలు గాలికి పెడతారు. కొట్టుగది తలుపులు తీసి, కిరి అనే తేలిక చెక్కతో చేసిన పెట్టెల్లో ఏడాదంతా నిద్రపోయిన రాతప్రతుల్ని బయటికి తెచ్చి, పెద్ద గదిలో చాపల మీద వరసగా తెరిచి ఉంచుతారు. ఊరివాళ్ళు చెప్పులు విప్పి వచ్చి, చూసి, టీ తాగి వెళతారు. ఆ ఊరికి తెలిసిన ఎగ్జిబిషన్ అదొక్కటే. ఇంటివాళ్ళు తప్ప ఎవరూ పుస్తకం ముట్టుకోకూడదు. తెరిచిన పుస్తకం ముందు కూర్చున్నవాళ్ళు నోటి తుంపర పడకుండా మడిచిన కాగితం ఒకటి పెదవుల మధ్య పట్టుకోవాలి. మాట్లాడాలనిపిస్తే లేచి వసారాలోకి వెళ్ళాలి.

ఆ కొత్తవాడు ఇవేవీ పట్టించుకోలేదు. ఆ ఇంటి పాతకాలపు వైద్యుడి భార్య ఒనుయి రాసుకున్న దినచర్య పుస్తకం ముందు మోకాళ్ళ మీద కూలబడి, పేజీ మీదికి వంగి, "భలే, ఆ రోజు కూడా ఇక్కడ వానే" అన్నాడు పైకే.

షిహో పరుగున వచ్చి తన దగ్గరున్న కాగితం అతని పెదవుల మధ్య దూర్చేసింది. అతను బిత్తరపోయి ఆమె వైపు చూశాడు. కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. వసారాలోకి రమ్మని ఆమె వేలు చూపించింది. తప్పు చేసిన పిల్లాడిలా వెనకే వెళ్ళాడు.

"నోరు మూసుకోమని చెప్పడానికి మీ ఊళ్ళో ఇంకో పద్ధతి లేదా అండీ?" అన్నాడు కాగితం తీసి.

"ఉంది. మా నాన్నగారు వచ్చి చెబుతారు. దానికంటే ఇదే నయం."

"నా పేరు నుమాటా క్యోహెయ్. వాతావరణ ఆఫీసు నుంచి వచ్చాను."

"అయితే వాన కబుర్లు ఆఫీసులో చెప్పుకోండి. ఇక్కడెందుకు?"

"పాతకాలంలో ఇక్కడ ఏ రోజు ఎండ కాసిందో, ఏ రోజు వాన పడిందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. రోజూ రాసిపెట్టిన పుణ్యాత్మురాలు మీ ముత్తవ్వ ఒక్కతే. ఆ లెక్క ఎత్తిరాసుకోవాలి."

"రేపు వాన పడుతుందో లేదో చెప్పడం చేతకాదు గాని, మా ముత్తవ్వ నాటి వాన కావాలా మీకు?"

"అదైతే తప్పు చెప్పే ప్రమాదం లేదు కదండీ."

షిహోకి నవ్వొచ్చింది. నవ్వకూడదని పెదవి బిగించింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

అలా మొదలైంది. షిహో పేజీలు తిప్పేది, క్యోహెయ్ ఎదురుగా కూర్చుని పెన్సిల్‌తో ఎత్తిరాసుకునేవాడు. ఇద్దరి నోళ్ళలోనూ కాగితాలు. పెన్సిల్ పైకి లేస్తే తిప్పమని అర్థం. అతనికి కావలసింది ఒక్కో రోజు గురించి ఒనుయి రాసిన మొదటి వరస మాత్రమే. ఎండ, మబ్బు, వాన, పడమటి గాలి. కానీ అతను మిగతాదంతా కూడా చదివేవాడు. ఒనుయి నోరున్న మనిషి. పొద్దున మబ్బు, సాయంత్రం వాన, అత్తగారి ముఖం రోజంతా మబ్బే అని రాసిన చోట అతని పెదవుల మధ్య కాగితం ఊడిపడబోయింది. షిహో చెయ్యి చాపి దాన్ని సరిచేసింది. అప్పటికి అది రెండో ఏడాది. ఆమె వేలు అవసరమైన దానికంటే ఒక్క క్షణం ఎక్కువసేపే అక్కడుంది.

"మొదటి వరస చాలు కదా మీకు. మిగతాదంతా ఎందుకు?" అని వసారాలో అడిగింది.

"అత్తగారి కోపానికీ వాతావరణానికీ ఏమైనా సంబంధం ఉందేమోనని చూస్తున్నాను."

"ఉందా?"

"ఉందండీ. పెళ్ళి చేసుకుని చూస్తే గాని పూర్తిగా తేలదు."

షిహో టీ గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో కూర్చున్న తోమె అత్తయ్య, అంటే వాళ్ళ నాన్న అక్కగారు, ఆమె చెవులు ఎర్రబడటం చూసింది.

"ఎవరే ఆ వానబ్బాయి?"

"ఎవరో. ఆఫీసు పని మీద వచ్చాడు."

"ఆఫీసు పని మీద వచ్చినవాడికి మన ముల్లంగి పచ్చడి రెండుసార్లు ఎందుకు వడ్డించావో?"

అలా ఏళ్ళు గడిచాయి. క్యోహెయ్ ఉద్యోగం రైల్లో పూట ప్రయాణమంత దూరంలో. మిగతా ఏడాదంతా వాళ్ళ మధ్య నడిచింది కొత్త సంవత్సరపు కార్డు ఒక్కటే. అందులోనూ ఇద్దరూ వాతావరణమే రాసుకునేవాళ్ళు. ఇద్దరికిద్దరూ అంతే. అతను కావాలని నెమ్మదిగా రాసేవాడు. ఆమె కావాలని నెమ్మదిగా తిప్పేది. పుస్తకం అయిపోతే అతనికి రావడానికి కారణం ఉండదు, ఆమెకు పిలవడానికి వంక ఉండదు. ఎదుటివాళ్ళు కూడా అదే పని చేస్తున్నారని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఒక ఏడాది వచ్చిన కార్డులో మాత్రం మంచు గురించి రాశాక కింద ఇంకో వాక్యం ఉంది. ఈసారి ఆఖరి సంపుటం, అది చదివేటప్పుడు మీతో ఒక మాట మాట్లాడాలి, అని.

ఆఖరిది సంపుటమే కాదు, పుస్తకాలు గాలికి పెట్టడం కూడా. కొట్టుగది మట్టిగోడలు బీటలు వారాయి. షిహో నాన్న గెంజో గారికి చూపు తగ్గింది. వంశంలో వైద్యం తాతతోనే ఆగిపోయింది, కొట్టు చూసుకునే కొడుకు లేడు. పుస్తకాలన్నీ జిల్లా గ్రంథాలయానికి ఇచ్చేయడానికి ఆయన ఒప్పుకున్నారు. ఆ శరత్తులో గాలికి పెట్టడం అయిన మర్నాడే వ్యాన్ వస్తుంది. ఒప్పుకున్న రోజు నుంచీ ఆయన అన్నం ముందు కూర్చుని కూడా కొట్టుగది వైపే చూసేవారు.

తోమె అత్తయ్య ఆ సందట్లోనే సంబంధం ఒకటి పట్టుకొచ్చింది. పక్క ఊళ్ళో పళ్ళ డాక్టరు.

"మంచివాడు, తాగడు. నీ కంటే పొట్టి గాని, కూర్చుంటే తెలియదు. ఏం చెప్పమంటావు?"

"పుస్తకాలు గాలికి పెట్టడం అయ్యాక చెబుతాను అత్తా."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

షిహో గిన్నెలు సర్దసాగింది. అత్తయ్య ఆమె ముఖం కాసేపు చూసి, "వానబ్బాయి ఏమైనా అన్నాడా?" అంది మెల్లగా.

"ఇంకా ఏమీ అనలేదు."

"మగాళ్ళు నోరు తెరిచే లోపల ఆడాళ్ళు ముసలాళ్ళవుతారే" అంది అత్తయ్య. అని, పళ్ళ డాక్టరు ఫోటో మాత్రం మళ్ళీ సంచిలో పెట్టుకుంది.

ప్రేమకథల్లో వాన పడితే ఇద్దరూ ఒకే గొడుగు కిందికి చేరతారు. మియోషి వారింట్లో వాన పడితే కొట్టు తెరవరు. గాలికి పెట్టడానికి అనుకున్న మూడు రోజుల్లో మొదటి రెండూ కుండపోతే. ఆ రెండు రోజులూ షిహో వసారాలో నిలబడి చూరు నీళ్ళు చూసింది. ఊళ్ళో సత్రంలో దిగిన క్యోహెయ్ తన కిటికీలోంచి అదే వాన చూశాడు. తెరవని కొట్టు ముందుకు అతిథి రాడు, అదీ ఆ ఇంటి పద్ధతే. నేరుగా వచ్చి తలుపు తట్టి అడిగేసే రకమైతే ఈ కథ ఇంత దూరం వచ్చేదే కాదు.

మూడో రోజు తెల్లారేసరికి ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గెంజో గారు వాకిట్లో నిలబడి క్యోహెయ్ రాక కోసం చూస్తున్నారు. అప్పటికి ఆకాశంలోంచి తీసిన మబ్బుల ఫోటోలు ఇళ్ళల్లోకి రాలేదు. వాన సంగతి రేడియో చెప్పేది, రేడియోకి క్యోహెయ్ ఆఫీసు చెప్పేది. అందుకని ఆయన రేడియో మానేసి నేరుగా క్యోహెయ్‌నే అడగడం అలవాటు చేసుకున్నారు.

"అబ్బాయ్, ఏమంటావు?"

క్యోహెయ్ పడమటి వైపు చూశాడు. దైసెన్ కొండ నెత్తిన చిన్న మబ్బు కూర్చుని ఉంది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"సాయంత్రం దాకా ఆగుతుందండీ."

"నిజమేనా?"

"ఆగుతుంది."

గెంజో గారు తాళం చెవి తీశారు.

కొట్టుగదిలో షిహో ఆఖరి సంపుటం ఉన్న పెట్టె మీద చెయ్యి వేసింది. మూత రాలేదు. కిరి చెక్క గాలిలో తేమ పెరిగితే ఉబ్బి మూతను కరిచి పట్టుకుంటుంది. లోపలి పుస్తకాన్ని పెట్టె తనంతట తానే కాపాడుకోవడమన్నమాట. మూత తేలిగ్గా వస్తే పుస్తకాన్ని తియ్యి, బిగుసుకుంటే దాని జోలికి పోకు అని బామ్మ చిన్నప్పుడే నేర్పింది. ఆ ఇంట్లో పిల్లలకు అక్షరాల కంటే ముందు అది వస్తుంది.

షిహో మళ్ళీ లాగింది, రాలేదు. ఇప్పుడు నాన్నతో చెబితే తలుపు మూసేస్తారు. రేపు వ్యాన్ వస్తుంది. క్యోహెయ్ టోపీ తీసి, వంగి నమస్కరించి, రైలెక్కి వెళ్ళిపోతాడు. మళ్ళీ రావడానికి ఈ ఇంట్లో ఏమీ ఉండదు, తను తప్ప. తన కోసం వస్తాడా అంటే, ఆ నమ్మకం ఆమెకు లేదు.

పెట్టెను మోకాళ్ళ మధ్య బిగించి రెండు చేతులతో లాగింది. కిర్రుమని ఊడొచ్చింది. తలెత్తి చూస్తే కొట్టు గడప అవతల క్యోహెయ్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. షిహో మూత పక్కన పెట్టి పుస్తకం చేతుల్లోకి తీసుకుంది.

ఆ పొద్దున షిహో జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు. ఊరివాళ్ళు ఆఖరిసారి కదా అని గుంపుగా వచ్చి చూసి వెళ్ళారు. వెలుతురు బాగుంటుందని వాళ్ళిద్దరూ వసారా అంచునే కూర్చున్నారు. ఒనుయి ఆ సంపుటంలో ముసలిదైపోయింది. ఆమె అత్తగారు పోయారు. పొద్దున ఎండ, ఇంట్లో తిట్టేవాళ్ళు లేక ఏమీ తోచడం లేదు, అని రాసింది. క్యోహెయ్ పెన్సిల్ ఆగిపోయింది. పైకి లేవలేదు. తర్వాత అతను పెదవుల మీది కాగితం తీసి, మడిచి జేబులో పెట్టుకుని, లేచి నిలబడి, రమ్మన్నట్టు తల ఊపాడు.

తెరిచిన పుస్తకాన్ని ఇంటివాళ్ళు వదిలి వెళ్ళకూడదు. షిహో వదిలి వెళ్ళింది. గుండె అంతగా కొట్టుకుంటుంటే ఆ పద్ధతి ఆమెకు గుర్తు రాలేదు.

వసారా మలుపు తిరిగి, ఇంటికి అవతలి పక్కన నిలబడ్డారు.

"షిహో గారూ, కార్డులో రాశాను కదా, ఒక మాట..."

"చదివాను."

"చదువుతారనే రాశాను. అంటే, ఎలా అడగాలో... మీ ముత్తవ్వ అయితే ఒక్క వరసలో రాసేసేది."

"మీరూ ఒక్క వరసలోనే అడగండి."

అతను నోరు తెరిచాడు. సముద్రం మీంచి గాలి ఒక్కసారిగా వచ్చి వసారా తలుపుల్ని దబదబ కొట్టింది. వెంటనే వాన పడింది. పైనుంచి కాదు, పక్క నుంచి. లోపల గెంజో గారి కేక వినబడింది.

వాళ్ళు మలుపు తిరిగి పరిగెత్తుకొచ్చేసరికి ఆయన ఒళ్ళో నాలుగు పుస్తకాలు పొదువుకుని చాపల మీద పాకుతున్నారు. ఊరివాళ్ళు తలుపులు లాగుతున్నారు. వసారా అంచున ఆఖరి సంపుటం తెరిచి పెట్టినట్టే ఉంది, నీళ్ళలో. షిహో దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. తడి అన్నం ముద్దలా బరువుగా ఉంది.

గుడ్డతో నీళ్ళు అద్ది తీశారు, పేజీల మధ్య కాగితాలు పెట్టబోయారు. తడిసిన పాత కాగితం వేలు తగిలితే చిరుగుతోంది. అలాగే వదిలేశారు. ఆరేసరికి అది చెక్క ముక్కలా బిగిసిపోయింది. ఒక్క పేజీ కూడా విడిరాలేదు.

అంతకుముందు, ఆ వాన తగ్గకముందే క్యోహెయ్ తడిచిన వసారాలో మోకరిల్లి నేలకు నుదురు ఆనించాడు.

"పొద్దున సత్రం నుంచి ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కున్నానండీ. మధ్యాహ్నం లోపే పడుతుందని నాకు తెలుసు. తెలిసే ఆగుతుందన్నాను."

గెంజో గారు ఒళ్ళోని పుస్తకాలు కింద పెట్టారు. "ఎందుకు?"

క్యోహెయ్ నేల మీంచి తల ఎత్తలేదు, జవాబు చెప్పలేదు. కారణం చెబితే షిహో పేరు తేవాలి.

"ఆ తలుపు వందల ఏళ్ళుగా మా వాళ్ళ మాట మీద తెరుచుకుంది. ఈ ఒక్కసారి నీ మాట మీద తెరిచాను. ఇంకెప్పుడూ నా కొట్టు గడప దరిదాపులకు రాకు."

షిహో తడిగుడ్డ పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. మూత బిగుసుకుంది నాన్నా, నాకూ తెలుసు, అనాలి. అంతే. ఆమె పెదవుల మధ్య ఆ పూట కాగితం కూడా లేదు. అయినా నోరు పెగల్లేదు. క్యోహెయ్ లేచి, టోపీ మర్చిపోయి, వానలో నడిచి వెళ్ళిపోయాడు. ఆమె చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు వ్యాన్ వచ్చి పెట్టెలన్నీ పట్టుకుపోయింది.

ఆ తర్వాతి ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. షిహో వండింది, తిన్నది, ఖాళీ కొట్టుగది ఊడ్చింది. పళ్ళ డాక్టరు సంబంధం వద్దంది. "వానబ్బాయి నిలువునా ముంచి పోయాడు" అని తోమె అత్తయ్య తిట్టినప్పుడల్లా లేచి అవతలికి వెళ్ళిపోయేది. నాన్న తిట్టినప్పుడు వెళ్ళలేక కూర్చుని వినేది. ఆయన రోజూ తిట్టేవారు. అబద్ధాలకోరు అనేవారు, నమ్మించి గొంతు కోశాడు అనేవారు. వింటున్న ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దామనుకునేది. చెప్పకుండా గడిచిన ఒక్కో రోజూ మర్నాటిని ఇంకా కష్టం చేసింది. ఒకసారి స్టేషన్ దాకా వెళ్ళి అతని ఊరికి టికెట్ కొని, రైలొచ్చాక ఎక్కకుండా తిరిగొచ్చింది. ఏ ముఖం పెట్టుకుని వెళుతుంది. నిందంతా అతను ఒక్కడే మోస్తున్నాడు, తను చూస్తూ నిలబడింది. ఇలాంటి మనిషిని ఎవరు మాత్రం ప్రేమిస్తారు అనుకునేది. కొత్త సంవత్సరానికి కార్డు రాలేదు. తనూ రాయలేదు.

మళ్ళీ శరత్తు వచ్చింది. జిల్లా గ్రంథాలయం వాళ్ళు మియోషి వారి రాతప్రతులతో ఎగ్జిబిషన్ పెట్టారు. అద్దాల పెట్టెలు, తెల్లటి దీపాలు, వాన పడినా ఫరవాలేని గది. ఇంటివాళ్ళు ఎవరైనా ఉండి వచ్చినవాళ్ళకు వివరం చెబితే బాగుంటుందని కబురు చేస్తే, షిహో రోజూ వెళ్ళేది. గెంజో గారూ వెంట వచ్చి తలుపు దగ్గర బల్ల మీద కూర్చునేవారు. గది చివర ఉన్న ఒక్క పెట్టె దగ్గరికి మాత్రం ఆయన పోయేవారు కాదు.

అందులో ఒనుయి ఆఖరి సంపుటం ఉంది. మిగతా పుస్తకాలన్నీ తెరిచి ఉన్నాయి, అదొక్కటే మూసి ఉంది.

"ఇదేంటమ్మా, తెరవకుండా పెట్టారు?" అని అడిగేవాళ్ళు జనం.

"వానకు తడిసి పేజీలు అతుక్కుపోయాయండీ. ఇక తెరుచుకోదు."

"అయ్యయ్యో. ఎవరి నిర్వాకమో."

షిహో తల వంచి వింటూ ఉండేది. రోజుకు ఎన్నిసార్లయినా.

ఆఖరి రోజు, మూసేసే వేళకు కాస్త ముందు, క్యోహెయ్ వచ్చాడు. చిక్కిపోయాడు. పక్కకు చూడకుండా నేరుగా ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. షిహో వెళ్ళి పక్కన నిలబడింది.

"తెరిచి ఉన్నవి చూడకుండా దీని దగ్గరికి వచ్చారేంటి?"

"మిగతావి చదివాను కదండీ" అన్నాడు అద్దం మీంచి కళ్ళు తిప్పకుండా. "ఇదొకటి చూసి వెళదామని. ట్రాన్స్‌ఫర్ అడిగాను, ఇచ్చారు. ఉత్తరాన హొక్కైడో అవతల ఒక దీవి. ఎల్లుండి ప్రయాణం."

"ఎన్నాళ్ళు?"

"వెళ్ళేవాళ్ళు తక్కువ. వెళితే తిరిగి పిలవరు."

షిహో అతనికి ఇంకాస్త దగ్గరగా జరిగింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు.

"ఆ రోజు మూత బిగుసుకుంది. నాకు తెలిసే లాగాను. మీరొక్కరే మాట పడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను. ఏడాదిగా అదే పని చేస్తున్నాను."

"లాగడం చూశాను."

"చూసి మరి ఎందుకు చెప్పలేదు నాన్నతో?"

"చెప్పి ఏం చెయ్యను? అబద్ధం ఆడింది నేను." అన్నాడు. "మీ నాన్నగారికి అది ఆఖరిసారి కదా, ఆయన బాధ చూడలేక లాగారనుకున్నాను."

"ఆయన కోసం కాదు."

క్యోహెయ్ అప్పుడు ఆమె వైపు చూశాడు.

"మీరు ఆ రోజు ఏదో అడుగుతానన్నారు. మూత రాలేదంటే మీరు వెళ్ళిపోతారు. అందుకని లాగాను."

అతను అద్దం అంచు పట్టుకున్నాడు. "నేను అడుగుదామనే ఆగుతుందని చెప్పాను."

"ఇప్పుడు అడగండి."

"ఇప్పుడా?" అతని నోట్లోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చింది. "దీని ముందు నిలబడా? ఆవిడ రోజూ కూర్చుని రాసుకుంది షిహో గారూ. ఒక్క రోజు మానకుండా. మన వల్ల ఇక ఎవరూ చదవలేరు. ఇది ఇలా ఉండగా నేను నవ్వుతూ పెళ్ళి మాట ఎలా ఎత్తను? నాకా హక్కు లేదు. పోయింది."

 ఆమెకు నిజమే కదా అనిపించింది. అయినా వెనక్కి తిరిగి, గదంతా దాటి, తలుపు దగ్గర బల్ల మీద కూర్చున్న నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరు చూస్తున్నారో పట్టించుకోలేదు.

"నాన్నా, ఆ రోజు ఆఖరి సంపుటం మూత రాలేదు. బిగుసుకుంది. నేను బలవంతంగా తీశాను. పుస్తకం దగ్గర్నుంచి లేచి వెళ్ళింది కూడా నేనే. అతన్ని తిట్టిన తిట్లలో సగం నావి."

గెంజో గారు చేతికర్ర మీద గడ్డం ఆనించారు.

"నువ్వు తెచ్చింది ఒక్క పెట్టె. మిగతావన్నీ ఎవరు తెరిచారే?"

షిహో తలెత్తింది.

"ఏ ఒక్క మూతా తేలిగ్గా రాలేదు" అన్నారాయన. "పుట్టినప్పటి నుంచీ తెరుస్తున్నాను, నాకు తెలియదా? ఆఖరి రోజు. ఎవరో ఒకళ్ళు ఆగుతుంది అని నోటితో అంటే చాలనిపించింది. వాడు అన్నాడు."

"మరి ఏడాదంతా అతన్ని తిట్టావు."

"నన్ను నేను తిట్టుకుంటూ ఎన్నాళ్ళని బతకను? వాడు దూరాన ఉన్నాడు, వినబడదనుకున్నాను." ఆయన కూతురి తల మీద చెయ్యి వేశారు. "నీకు వినబడుతోందని తెలియదు."

కర్ర ఊతంతో లేచారు. ఏనాడూ వెళ్ళని గది చివరికి నడిచారు. మూసిన పుస్తకాన్ని మొదటిసారి చూశారు. పక్కనే నిలబడ్డ క్యోహెయ్ నడుము వంచి తల దించేశాడు. గెంజో గారు అంతకంటే కిందికి వంగారు. కంగారుపడి క్యోహెయ్ ఇంకా కిందికి వంగాడు. ముసలాయన మళ్ళీ వంగబోతే నడుము పట్టేసింది, క్యోహెయ్ పట్టుకుని నిలబెట్టాల్సి వచ్చింది.

"నా కొట్టు గడప తొక్కొద్దన్నాను నిన్ను" అన్నారు ఆయన, ఆ చెయ్యి వదలకుండా.

"అవునండీ."

"ఆ కొట్టు ఇప్పుడు ఖాళీ. నేను కాపలా కాయాల్సిందేమీ లేదు అందులో. కాబట్టి ఆ మాట కొట్టేశాను. ఇంటికి రా. వచ్చి నువ్వు తిట్టు, నేను కూర్చుని వింటాను."

క్యోహెయ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. గెంజో గారు కాసేపు నిలబడి, ఇక తను అక్కడ అడ్డమని తోచి, కర్ర తాటించుకుంటూ తలుపు వైపు వెళ్ళిపోయారు. గ్రంథాలయం వాళ్ళు ఒక్కో దీపమే ఆర్పుతున్నారు.

"అక్కడ ఏమీ ఉండదండీ" అన్నాడు క్యోహెయ్ చివరికి. "గాలి కొలిచే గది ఒకటి, చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళు నాలుగు. చలి. చదవడానికి ఏమీ దొరకదు."

"నేను అడిగింది అది కాదు."

అతను కళ్ళు తుడుచుకున్నాడు. ఏళ్ళ తరబడి నోట్లో కాగితం పెట్టుకుని దాచుకున్న మాట ఒక్క వరసలోనే అడిగేశాడు, చాలా చిన్నగా.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

షిహో మూసిన పుస్తకం వైపు చూసింది. తర్వాత అతని వైపు చూసింది.

"చేసుకుంటాను" అంది. "ఆ రోజు అడిగి ఉంటే నవ్వుతూ చెప్పేదాన్ని."